మొహమాటం నేర్చిన నౌక

ఉదయం తొమ్మిదీ పదికి అంతరిక్ష స్టేషన్ నుంచి విడిపోయిన సరుకుల నౌక పదకొండున్నరకి మళ్ళీ మా తెరమీద కనబడింది.

మొదట ఎవరూ నమ్మలేదు. పాత బొమ్మే ఇంకా తెరమీద నిలిచిపోయిందనుకున్నారు. మా ప్రయోగశాల పెద్ద భానోజీ గారు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. బొమ్మ పోలేదు. కాస్త పెద్దదైంది కూడా.

నౌక పేరు కావడి. నాలుగు నెలల కిందట తిండీ నీళ్ళూ గాలి సిలిండర్లూ మోసుకుని పైకి వెళ్ళింది. స్టేషన్‌కి అతుక్కుని ఉండి, ఒక్కో సంచీ ఖాళీ చేసుకుంది. ఆ తర్వాత మాసిన బట్టలూ ఖాళీ డబ్బాలూ పాడైన సామానూ అందులో కుక్కి, తలుపు మూసి సాగనంపారు. అక్కణ్ణుంచి అది దక్షిణ సముద్రం మీద గాలిపొరలోకి దిగి కాలిపోవాలి. సరుకుల నౌకలన్నిటి బతుకూ అంతే. ఇది మాత్రం ఎనిమిది కిలోమీటర్లు వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగింది.

"వాల్వేదో పట్టేసి ఉంటుంది," అన్నారెవరో.

"పట్టేస్తే గింగిరాలు తిరుగుతుంది. ఇది తిన్నగా వస్తోంది," అన్నారు భానోజీ గారు.

పైనుంచి సుగుణక్క గొంతు వినబడింది. స్టేషన్లో ఉన్నది ఇద్దరే, సుగుణక్కా ఓబులేసూ. సుగుణక్కది సోంపేట. పైకి వెళ్ళకముందు రెండేళ్ళు నాతో ఒకే గదిలో ఉంది.

"భానోజీ గారూ, ఇదేటండీ, కావడి ఎనక్కొచ్చేస్తంది? మీరేమైనా పిలిచారేటి?"

"మేమెందుకు పిలుస్తాం తల్లీ?"

"మరెవరు పిలిచినట్టు?"

వెనకనుంచి ఓబులేసు అందుకున్నాడు. "అది యాడికొస్తాండాదో దానికన్నా తెలుసునో లేదో! అక్కా, కిటికీలోంచి చూడు, మన తలుపుకే గురిపెట్టినట్టుండాదే."

అతను వేళాకోళంగానే అన్నాడు. కానీ లెక్క చూస్తే అదే నిజమైంది. ముప్ఫై ఎనిమిది నిమిషాల్లో కావడి తాను విడిపోయిన చోటికే వచ్చి తగులుతుంది. అతుక్కోవడానికి దానికి కొక్కేలు లేవు. విడిపోయేటప్పుడే వాటిని తెంచేస్తారు. వచ్చేది మనిషి నడిచే వేగంతోనే, కానీ దాని బరువు ఏడు టన్నులు. తగిలితే గోడ చిట్లుతుంది. పైవాళ్ళిద్దరూ తప్పించుకుని దిగి రావడానికి ఉన్న ఒకే ఒక్క చిన్న వాహనం కూడా ఆ తలుపు పక్కనే ఉంది. అందులోకి ఎక్కి కూర్చుని బయల్దేరడానికి గంట పడుతుంది.

భానోజీ గారు మీటలు నొక్కి ఆగమని ఆజ్ఞ పంపారు. తెరమీద జవాబు వచ్చింది: పైవారి మాట అమల్లో ఉంది.

మళ్ళీ పంపారు. మళ్ళీ అదే జవాబు.

"ఏ మాట? ఎవరి మాట?" అని ఆయన తెరని అడిగారు. తెర ఏం చెబుతుంది?

ఆ నిబంధన మేం పెట్టిందే. దగ్గరగా ఉన్నవాళ్ళకి బాగా కనిపిస్తుంది కాబట్టి పైవాళ్ళు నోటితో చెప్పిన మాటని కిందివాళ్ళు మీట నొక్కి రద్దు చేయకూడదు. చెప్పినవాళ్ళే వెనక్కి తీసుకోవాలి.

నోటిమాటతో నడవడమే కావడిలోని కొత్త సంగతి. అంతకుముందు నౌకలకి నూట ఇరవై ఆజ్ఞలు నేర్పేవారు. పైవాళ్ళు వాటిని అచ్చంగా అదే వరసలో పలకాలి. రెండు చేతుల్లోనూ సంచులు పట్టుకుని, అలసిపోయి, తలకిందులుగా వేలాడుతున్న మనిషి అలా పలకలేదు. "అదిగో, అది ఇటు... అది కాదు, దాని పక్కది, ఆఁ, కొంచెం," అంటుంది. అలాంటి మాట అర్థం చేసుకునే నౌక కావాలంటే దానికి పుస్తకం మాటలు కాదు, ఇంట్లో మాటలు వినిపించాలన్నది భానోజీ గారి ఆలోచన. తొమ్మిది ఇళ్ళలో గోడలకి చిన్న పెట్టెలు బిగించారు. ఆరు నెలలపాటు అవి వంటగది మాటలూ తిండి దగ్గరి మాటలూ గుమ్మం దగ్గరి మాటలూ విన్నాయి. ఆ తొమ్మిదిళ్ళలో ఒకటి పలాసలో మా అమ్మది.

నా పని అవన్నీ విని రాయడం. రాసి, ఒక్కో మాట పక్కన గుర్తు పెట్టాలి. ఇది ఆజ్ఞా, కాదా? అన్నాక అవతలివాళ్ళు ఏం చేశారు? రెండేళ్ళు అదే చేశాను. నాకు మాట్లాడటం కంటే వినడమే సులువు.

నౌకకి జవాబు చెప్పడానికి మాత్రం ఒక్క శబ్దమే ఇచ్చాం. "ఊ." కథ వినేవాళ్ళు ఊ కొడితే చెప్పేవాళ్ళకి ధైర్యంగా ఉంటుంది కదా, అది చాలన్నారు భానోజీ గారు.

"పైడితల్లీ, ఉదయం రికార్డు తియ్యమ్మా. విడిపోయే ముందు ఈ పిల్లలు దానితో ఏమన్నారో విను."

హెడ్‌ఫోను చెవులకి తగిలించుకుని విన్నాను. తలుపు మూసిన చప్పుడు. గడియ తిప్పిన చప్పుడు. ఓబులేసు ఏదో కూనిరాగం. నాలుగు రోజులుగా ఆ నౌకలో చెత్త సర్దుతూ దానితో కబుర్లు చెప్పిన సుగుణక్క గొంతు, బాగా దగ్గరగా.

"అంతే మరి. ఎల్లిరా తల్లీ. జాగర్త."

కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత నౌక అంది, "ఊ."

నేను ఇంకోసారి విన్నాను. నా కాయితాలు తీసి చూసుకున్నాను. అమ్మ ఇల్లు, గుమ్మం దగ్గరి మాటలు. "ఎల్లిరా" అన్న మాట నూట పద్నాలుగుసార్లు వచ్చింది. నూట పద్నాలుగుసార్లూ విన్నవాళ్ళు వెళ్ళారు, వచ్చారు. పక్కన నేను ఆజ్ఞ అని గుర్తు పెట్టాను.

"వెళ్ళి రమ్మందండీ," అన్నాను.

భానోజీ గారికి అర్థం కాలేదు. "ఎవరు? ఎవరిని?"

"సుగుణక్కండి. కావడిని. అందుకే వెళ్ళింది, వస్తోంది."

గదిలో ఎవరో ఒకరు నవ్వారు. వెంటనే ఆపేశారు.

ఈ సంగతి పైకి చెప్పాం. సుగుణక్క వెంటనే అందుకుంది. "అయితే మరేటనాలే పైడీ? పో అనాలేటి? బయల్దేరుతున్న దాన్ని పో అంటారేటి ఎవరైనా?"

"ఎవరూ అనరక్కా."

"మా నాయన చూడు, వాకిట్లో ఎద్దుకి కూడా పోయిరా అనే చెప్పేవాడు," అన్నాడు ఓబులేసు. "సరే, ఇప్పుడు మాట మార్చుకోరాదా? రావద్దని చెప్పక్కా."

ఇరవై తొమ్మిది నిమిషాలుంది.

"కావడీ, రావద్దు," అంది సుగుణక్క.

"ఊ," అంది నౌక.

అందరం ఊపిరి వదిలాం. తెర వైపు చూశాం. దూరం అంకె తగ్గుతూనే ఉంది.

"కావడీ, వద్దు. ఆగిపో."

"ఊ."

తగ్గుతూనే ఉంది.

"ఊ అంటోంది కదండీ, మరి ఆగదేం?" అని ఒకాయన అడిగాడు. భానోజీ గారు నా వైపు తిరిగారు. ఊ అంటే ఒప్పుకోవడమని ఆయన అనుకున్నారు. వింటున్నానని చెప్పడం మాత్రమేనని నేను రాసుకున్నాను. రెండేళ్ళు పక్కపక్క బల్లలమీద పనిచేసి కూడా ఈ సంగతి మేం ఒకరినొకరం అడుక్కోలేదు.

ఓబులేసు గొంతు పెంచాడు. "ఏయ్, చెప్తే ఇనవా? వద్దంటే వద్దు! రావాకు! అక్కరలేదు!"

"ఊ." నౌక వేగం కొంచెం పెరిగింది.

అది చూసి గది మొత్తం అయోమయంలో పడింది. వద్దన్నకొద్దీ జోరుగా వస్తోంది. ఒకాయన మాటలు తారుమారుగా నేర్చుకుందేమో, రమ్మంటే ఆగుతుందేమో అన్నాడు. ఇంకొకాయన పొరపాటున కూడా ఆ మాట అనకండి అని అరిచాడు. సాంకేతిక పదాలు వాడదామన్నారు. వాడారు. ఇళ్ళలో అది ఎప్పుడూ వినని మాటలవి, వాటికీ ఊ అంది. దేనికీ ఆగలేదు. చెప్పేవాళ్ళ మాట అమల్లో ఉంది, వస్తోంది, అంతే.

నేను నా కాయితాలే చూస్తున్నాను. వద్దు అన్న మాట ఎక్కడెక్కడ వచ్చిందో వెతికాను. తొమ్మిదిళ్ళలోనూ అది ఎక్కువగా తిండి దగ్గరే ఉంది. "వద్దు వదినా." "అయ్యో, చాలు, వద్దు." "వద్దంటే వినవేం, ఎక్కడ పట్టాలి నాకు?" ప్రతిదాని తర్వాతా గరిటె చప్పుడు. వడ్డించేశారు. ఎంత గట్టిగా వద్దంటే అంత పెద్ద గరిటె. ఆగు, చాలు అన్నా అంతే. ఎనిమిది వందల అరవైసార్లు. పక్కన నా గుర్తే: ఆజ్ఞ కాదు.

నా కళ్ళముందు జరిగిందే నేను రాశాను. ఒక్కటీ అబద్ధం లేదు. కానీ పంతొమ్మిది నిమిషాల్లో దానివల్ల ఇద్దరు మనుషులు పోతారు, అందులో ఒకరు నా పక్కమంచం మనిషి.

బయట వరండాలోకి వెళ్ళి అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ పేరు దాలమ్మ. జీడిపప్పు ఒలిచే షెడ్డులో పని. ఫోను తీసేసరికి వెనకాల పదిమంది ఆడవాళ్ళ మాటలు.

"ఏటే, ఈయేళప్పుడు? తిన్నావేటి?"

"అమ్మా, ఒకటడుగుతాను, బేగి సెప్పు. మనింటికొచ్చినోలు వద్దంటే నువ్వు వడ్డించడం మానవు కదా?"

"ఎందుకు మానతాను? మొకమాటానికి అంటారు. ఎవులైనా ఒక్కపాలి వద్దంటే మానేత్తే ఆలు ఆకలితో లేవరేటి?"

"మరి నిజంగా వద్దనుకో. కడుపు నిండిపోనాది. అప్పుడేటంటారు?"

"అప్పుడూ వద్దనే అంటారు."

"మరి నీకెలా తెలుస్తది?"

"ఇదేటే ఈ పెశ్నలు! ఉజ్జోగం తీసేసినారేటి నిన్ను? మా గుంటకి మతి పోనాదే," అని పక్కవాళ్ళకి చెప్పింది. వాళ్ళు నవ్వారు.

"అమ్మా, నీకు దండం పెడతాను. ఏ మాటంటే నువ్వు గరిటె ఎనక్కి తీసేత్తావు?"

నా గొంతులో ఏదో తేడా వినబడినట్టుంది. నవ్వు ఆపింది.

"సెయ్యి కడిగేసుకున్నానంటే తీసేత్తాను," అంది. "కడిగేసుకున్నాక ఇంకేటి పెడతాం? పెట్టకూడదు. ఎవులే తల్లీ, ఎవులింట్లో బోజనం?"

మళ్ళీ చేస్తానని పెట్టేశాను. లోపలికి వచ్చేసరికి పదమూడు నిమిషాలుంది. కాయితాల్లో చూశాను. ఆ మాట ముప్ఫై ఒక్కసారి ఉంది. ముప్ఫై ఒక్కసారీ దాని తర్వాత గరిటె చప్పుడు లేదు. గిన్నెమీద మూతపెట్టిన చప్పుడు, అడుగులు లోపలికి వెళ్ళిన చప్పుడు.

చెబితే భానోజీ గారు నా మొహంలోకి చూశారు. "చెయ్యి కడుక్కోవడానికీ నౌక ఆగడానికీ సంబంధం ఏమిటమ్మా?"

"నాకూ తెలీదండి."

"అది అన్నం కాదు కదా."

"కాదండి. కానీ దానికి మనం నేర్పింది అన్నం దగ్గరి మాటలే."

ఆయన మైకు నా వైపు జరిపారు. నేనెప్పుడూ మైకులో మాట్లాడలేదు.

"సుగుణక్కా, నేను. దానికి చెయ్యి కడిగేసుకున్నామని చెప్పు."

"ఏటీ?"

"చెయ్యి కడిగేసుకున్నామని. మామూలుగా చెప్పు, ఇంట్లో చెప్పినట్టు. అరవకు."

"ఇక్కడ చెయ్యి కడుక్కోడానికి నీలెక్కడివే, తడి గుడ్డతో తుడుసుకోడమే కదా," అంది. నవ్వబోయింది. నవ్వు రాలేదు. కిటికీలో కావడి ఎంత పెద్దగా ఉందో మాకు తెలియదు, తనకి తెలుసు. "పైడీ, ఇది పనిచెయ్యకపోతే మా అమ్మకి..."

"చెప్పక్కా."

సుగుణక్క గొంతు సవరించుకుంది.

"కావడీ. చెయ్యి కడిగేసుకున్నామమ్మా."

ఈసారి వెంటనే ఊ రాలేదు. అసలు రానే లేదు. తెరమీద దూరం నాలుగు వందల మీటర్లు, మూడు వందల యాభై, మూడు వందలు. ఒక పక్కన సన్నగా పొగలా కనబడింది. వేగం తగ్గించే ముందు గొట్టాలు మండుతున్నాయి. రెండు వందలు. నూట అరవై. నూట నలభై దగ్గర అంకె ఆగింది.

రెండు నిమిషాలపాటు ఏడు టన్నుల కావడి స్టేషన్ గుమ్మం ముందు అలా నిలబడే ఉంది. ఆ రెండు నిమిషాల్లో అది దేనికోసం చూసిందో నాకు తెలియదు. ఎవరూ ఇప్పటికీ చెప్పలేకపోయారు. తర్వాత మెల్లగా వెనక్కి జరిగింది, గిన్నె చేతపట్టుకుని లోపలికి వెళ్ళేవాళ్ళలాగా, వచ్చిన దారినే.

భానోజీ గారు సముద్రం మీదికి దిగమని మీట నొక్కారు. ఆజ్ఞ అందింది.

మూడు గంటల తర్వాత అది సముద్రం మీద కాలిపోయింది. ఓబులేసు చప్పట్లు కొట్టాడు. సుగుణక్క నన్ను పిలిచి ఒకటే అడిగింది, అలిగిందంటావా అని. యంత్రం అలగదక్కా అన్నాను. అన్నానే గానీ, ఆ మాట పక్కన ఏ గుర్తు పెట్టాలో నాకు తెలియలేదు.

విచారణ జరిగింది. ముగ్గురు పెద్దమనుషులు నా కాయితాలన్నీ చూశారు. తప్పెవరిదో వాళ్ళకీ తేలలేదు. ఈ అమ్మాయి రాసినదంతా సరిగ్గానే రాసింది అన్నారు. అందుకే ప్రమాదం అన్నారు. ఆఖరికి ఒక నిర్ణయానికి వచ్చారు. ఆరు నెలల్లో ఇంకో నౌక వెళుతుంది. దానికి కూడా ఇంటిమాటలే వినిపించవచ్చు. కాకపోతే అన్నదీ అనుకున్నదీ ఒకటైన మాటలు మాత్రమే ఉంచాలి. మిగతావి తీసేయాలి. తీసేసే పని నాదే.

ఒక్కో ఇల్లూ చేస్తూ వచ్చాను. అమ్మ ఇంటిని ఆఖరికి ఉంచుకున్నాను. అరవై ఒక్క గంటల రికార్డు.

తిన్నావా అంటుంది అమ్మ. తిన్నామో లేదో తెలుసుకోవడానికి కాదు. తీసేశాను. నీ దుంప తెగ అంటుంది, పక్కింటి పిల్ల మార్కులు చూసి. తీసేశాను. ఇప్పుడే వచ్చేస్తాను అంటుంది, గంటకి గానీ రాదు. నాకు ఆకలి లేదే అంటుంది, కుండలో గరిటె అడుగు గీకుతున్న చప్పుడు వెనకాల వినబడుతూ ఉండగా. దానిదగ్గర చాలాసేపు ఆగాను. నియమం ప్రకారం తీసేశాను. నాతో ఫోన్లో మాట్లాడినవి కూడా ఉన్నాయి. నాకేటే, బాగానే ఉన్నాను. ఊరికే చేసినాను, పనేటీ నేదు. నువ్వేటీ బెంగెట్టుకోకు. అవి వరసగా తీసేశాను. విచారణ చేసిన పెద్దమనుషుల్లో ఒకాయన ఓ రోజు వెనక నిలబడి చూసి, చాలా శ్రద్ధగా చేస్తున్నావమ్మా అన్నాడు.

మూడు నెలలు పట్టింది. అరవై ఒక్క గంటల్లో పదకొండు నిమిషాలు మిగిలాయి.

దసరా సెలవులకి పలాస వెళ్ళినప్పుడు దాన్ని ఫోనులో వేసుకెళ్ళాను. ఎందుకు పట్టుకెళ్ళానో సరిగ్గా చెప్పలేను. తన గొంతు నౌకలో ఆకాశానికి వెళుతుందని అమ్మకి గొప్పగా చెప్పాలనుకున్నానేమో. అమ్మ మధ్యాహ్నం వాకిట్లో కూర్చుని, జీడి జిడ్డుకి నల్లబడ్డ వేళ్ళని కొబ్బరినూనెతో రుద్దుకుంటోంది. పక్కన కూర్చుని వినిపించాను.

గేసు అయిపోనాది. ఈయేల మంగలవారం. బస్సు ఎల్లిపోనాది. ఉల్లిపాయలు కుల్లిపోయినాయి. తలుపేసీ. దీపం ఆపీ. నీలు రాలేదు. ఈయేల బుదవారం.

అమ్మ వేళ్ళు రుద్దుకోవడం ఆపి, తల కొంచెం వంచి, పదకొండు నిమిషాలూ విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు. అయిపోయాక ఫోను వైపు అలాగే చూసింది.

"గొంతు నా గొంతునాగే ఉన్నాది," అంది. "ఎవులే ఈవిడ?"

నేను చెప్పబోయేలోపే మళ్ళీ అంది.

"పాపం. ఇంట్లో ఎవులూ నేరేటి?"